కేథటర్‌ను దూరం నుంచి నడిపే యంత్రంతో గుండె దడకు చికిత్స: అలాంటి ఆసుపత్రినే వెతుక్కోవాలా?

ప్రశ్న

నమస్కారం. మా అన్నయ్య ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటారు, వయసు 61. ఆయనకు వచ్చిపోయే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులైన కర్ణికలు లయ తప్పి కొట్టుకునే జబ్బు) ఉంది. మందులు వాడుతున్నా దడ ఆగకపోవడంతో వైద్యులు కేథటర్ అబ్లేషన్ (కేథటర్ అనే సన్నటి గొట్టాన్ని గుండెలోకి పంపి, దడ పుట్టించే కణజాలాన్ని నిర్వీర్యం చేసే చికిత్స) సూచించారు. అదే ఊళ్లోని గ్లెన్‌ఫీల్డ్ ఆసుపత్రిలో 2010లో డాక్టర్ ఆండ్రే ఎన్‌జీ ‘అమీగో’ అనే యంత్రం సాయంతో, రోగికి దూరంగా కూర్చుని రిమోట్‌తో కేథటర్‌ను నడిపారని అన్నయ్య చదివారు. ఇప్పుడు యంత్రంతో చేసే చోటికే వెళ్లాలా, చేత్తో చేయించుకున్నా సరిపోతుందా అన్నది ఇంట్లో తేలడం లేదు. వైద్యుడు పక్కన లేకపోతే ఎలా అని మా వదినగారు భయపడుతున్నారు. చికిత్స అయ్యాక రక్తం పలచబడే మందు మానేయవచ్చా అన్నది కూడా తెలుసుకోవాలని ఉంది.

మొదటి సమాధానం (గుండె లయ చికిత్సలు జరిగే ఈపీ ల్యాబ్‌లో టెక్నీషియన్, హైదరాబాద్)

ముందుగా మీ వదినగారికి ధైర్యం చెప్పండి. యంత్రం ఉన్న గదిలో కూడా నర్సులు, సాంకేతిక సిబ్బంది రోగి పక్కనే ఉంటారు. తొడ మొదట్లోని సిరలోకి సూది వేసి గొట్టం పెట్టడం, గుండెలో కుడి కర్ణిక నుంచి గోడ దాటి ఎడమ కర్ణికలోకి వెళ్లడం వంటి పనులు వైద్యుడు చేత్తోనే చేస్తారు. ఆ తర్వాతే కేథటర్ పిడిని యంత్రానికి అమరుస్తారు. అమీగో రిమోట్ కూడా కేథటర్ పిడి ఆకారంలోనే ఉంటుంది. ముందుకు తోయడం, వెనక్కి లాగడం, తిప్పడం, కొన వంచడం అన్నీ దానితోనే జరుగుతాయి. దీనివల్ల కలిగే మేలులో పెద్ద వాటా వైద్యుడిదేనని నా అభిప్రాయం. బరువైన సీసపు ఏప్రాన్ వేసుకుని, ఎక్స్‌రే మధ్య గంటలకొద్దీ నిలబడి, ఏళ్ల తరబడి ఈ పని చేసేవారికి వెన్ను, మెడ దెబ్బతినడం మా రంగంలో అందరికీ తెలిసిన బాధే.

అమెరికాలోని సెయింట్ లూయిస్‌కు చెందిన స్టీరియోటాక్సిస్ సంస్థ పద్ధతి వేరు. రోగికి రెండు పక్కలా పెద్ద అయస్కాంతాలు ఉంటాయి. వాటి క్షేత్రబలం సుమారు 0.1 టెస్లా, అంటే సాధారణ ఎంఆర్ఐ యంత్రంలోని 1.5 టెస్లాతో పోలిస్తే చాలా తక్కువ. కేథటర్ ఎంతో మెత్తగా ఉంటుంది, దాని కొనను అయస్కాంత క్షేత్రమే కావలసిన వైపు తిప్పుతుంది. అందువల్ల గుండె గోడకు చిల్లుపడే ప్రమాదం తగ్గుతుంది. మిలాన్‌లో డాక్టర్ కార్లో పాపోనే బృందం ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కు ఈ పద్ధతి వాడి 2006లోనే ఫలితాలు ప్రచురించింది. అయితే పుట్టుకతోనే గుండె నిర్మాణంలో తేడా ఉన్నవారికి, జఠరికల నుంచి పుట్టే దడలకు దీని అవసరం ఎక్కువని నేను భావిస్తాను.

రెండో సమాధానం (వైద్యుడు, విశాఖపట్నం)

పై సమాధానంతో ఏకీభవిస్తాను. ఈ దడను రేపే సంకేతాలు ఎక్కువగా ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికలోకి వచ్చే సిరల్లోనే పుడతాయని ఫ్రాన్స్‌లోని బోర్డో నగరానికి చెందిన మిషెల్ ఐసాగేర్ బృందం 1998లో చూపింది. అందుకే ఆ సిరల ముఖద్వారాల చుట్టూ కణజాలాన్ని వేడితోనో అతిశీతలంతోనో నిర్వీర్యం చేసి, సంకేతం దాటకుండా అడ్డుకట్ట వేస్తారు. ఆ కట్టలో ఎక్కడైనా సందు మిగిలితే దడ మళ్లీ రావచ్చు. కేథటర్‌ను నడిపింది చెయ్యా, యంత్రమా అన్నదానికన్నా ఆ సందు మిగలకుండా చూసే అనుభవం ముఖ్యం. పైగా విద్యుత్ స్పందనలతో చేసే పల్స్‌డ్ ఫీల్డ్ అబ్లేషన్‌కు అమెరికాలో 2023 డిసెంబరులో తొలి అనుమతి లభించింది. అందులో ఒక్కో సిర చుట్టూ పని చాలా త్వరగా ముగుస్తుంది కనుక, చుక్క చుక్కగా కాల్చుకుంటూ పోయే పనిలో యంత్రానికి ఉన్న ఆకర్షణ కొంత తగ్గింది.

కాబట్టి యంత్రం కోసం ఊరు మారవద్దు. ఆ బృందం ఏడాదికి ఎన్ని అబ్లేషన్లు చేస్తుందో, ఎందరికి గుండె చుట్టూ రక్తం చేరిందో, ఎందరికి రెండోసారి చేయవలసి వచ్చిందో మీ అన్నగారిని నిస్సంకోచంగా అడగమనండి.

రక్తం పలచబడే మందు చికిత్స తర్వాత కనీసం రెండు నెలలు అందరికీ తప్పదు. ఆపైన కొనసాగించాలా వద్దా అన్నది దడ తగ్గడాన్ని బట్టి కాక, పక్షవాతం ముప్పును బట్టి, అంటే వయసు, రక్తపోటు, మధుమేహం, గుండె బలహీనత, గతంలో వచ్చిన పక్షవాతం వంటివి లెక్కించి వైద్యులు నిర్ణయిస్తారు. దడ పోయింది కదా అని సొంతంగా మానేయడం చాలా ప్రమాదకరం.

ప్రశ్న అడిగినవారు

మీ ఇద్దరికీ ధన్యవాదాలు. అన్నయ్య అబ్లేషన్ అయిన మూడు వారాలకు మా అమ్మాయి పెళ్లికి భీమవరం రావాలనుకుంటున్నారు. రావచ్చా?

రెండో సమాధానమిచ్చిన వైద్యుడు

ప్రయాణానికి అనుమతి ఆయనకు చికిత్స చేసిన వైద్యులే ఇవ్వాలి. వస్తే మాత్రం ఒక విషయం ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. ఎడమ కర్ణిక వెనుకనే అన్నవాహిక ఉంటుంది. వేడితో చేసిన అబ్లేషన్ తర్వాత చాలా అరుదుగా ఆ రెండింటి మధ్య రంధ్రం ఏర్పడుతుంది, అది ప్రాణాంతకం. సాధారణంగా మొదటి రెండు నెలల్లో జ్వరం, మింగేటప్పుడు నొప్పి, ఛాతీ నొప్పి, కాలు చెయ్యి పడిపోవడం వంటి లక్షణాలతో అది బయటపడుతుంది. మన దగ్గర అలాంటి జ్వరాన్ని వైరల్ జ్వరమనో మలేరియా అనో అనుకుని బిళ్లలు వేసుకుంటూ రోజులు గడిపేస్తారు. అలా చేయకుండా వెంటనే పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లి, అబ్లేషన్ జరిగిందన్న మాట మొదటే చెప్పండి. ఛాతీ సీటీ స్కాన్ చేయించాలి. నోటి ద్వారా ఎండోస్కోపీ చేయనివ్వకూడదు, ఎందుకంటే అందులో పంపే గాలి ఆ రంధ్రం గుండా గుండెలోకి, అక్కడి నుంచి మెదడుకు చేరవచ్చు. డిశ్చార్జ్ కాగితాల నకలు ఒకటి మీ దగ్గర కూడా ఉంచుకోండి.