మట్‌లో చదవని మెయిళ్లు ‘ఎన్’ నుంచి ‘ఓ’ అయిపోతున్నాయి

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)
పొందూరు ఖద్దరు ఆర్డర్లన్నీ ఒకే ఇన్‌బాక్సుకి వస్తాయి, రోజుకి 40 దాకా. మెయిల్‌డిర్ ఫార్మాటు (ఒక్కో మెయిల్ ఒక్కో ఫైలు), టెర్మినల్లో మెయిల్ చదివే ప్రోగ్రాం మట్. పొద్దున్న 10 చూసి బయటికొస్తే, మధ్యాహ్నానికి మిగతా 30 పక్కన ‘ఎన్’ (కొత్తది) పోయి ‘ఓ’ వస్తోంది. పసుపు రంగూ పోతోంది. కావాల్సినవే చూపించే ‘ఎల్’ నొక్కి ~ఎన్ అంటే ఒక్కటీ చూపించదు. పైగా చూసేసినవి కూడా ఒక్కోసారి చదవనివిగా తేలుతున్నాయి. ఏటి చెయ్యాల?

కోట జంక్షన్ (విజయనగరం)
‘ఓ’ అంటే చదివేశారని కాదండీ. ఉత్తరం విప్పలేదు గానీ ఇన్‌బాక్సు ఒకసారి తెరిచి మూశారని. మార్క్_ఓల్డ్ సెట్టింగు మొదటినుంచీ ఆన్‌లోనే ఉంటుంది, దాని పనే ఇది. కొత్త మెయిల్ ‘న్యూ’ ఫోల్డర్లో పడుతుంది, మట్ మూసేటప్పుడు ‘కర్’లోకి పోతుంది. ఫైలు పేరు చివర ‘ఎస్’ చేరితేనే చదివినట్టు. ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ కొట్టి చూడండి, కనబడుతుంది.

మట్‌ఆర్‌సీలో (మట్ సెట్టింగుల ఫైలు) ఈ ఒక్క లైను చాలు, అంతా చిన్నక్షరాలు:

అన్‌సెట్ మార్క్_ఓల్డ్

ఇప్పటికే ‘ఓ’ పడ్డవాటికి: పెద్ద ‘టీ’, ~ఓ (~ తర్వాత ఎప్పుడూ పెద్దక్షరమే), ఎంటర్. తర్వాత సెమీకోలన్, పెద్ద ‘ఎన్’. ఇక్కడ ~యూ (చదవనివన్నీ) మాత్రం ఇవ్వొద్దు. ఆ ‘ఎన్’ మీట అటూ ఇటూ తిప్పేది, అసలు కొత్తవాటిని చదివినవిగా మార్చేస్తుంది.

వంశధార (ఆమదాలవలస)
మార్క్_ఓల్డ్ తీసెయ్యడం నాకు నచ్చలేదు. ఆర్డర్లు చూసేవాళ్లకి ఇప్పుడే వచ్చిందేదో, పొద్దున్న మిగిలిందేదో విడిగా తెలియడం ఎంతో మేలు. ట్యాబ్ నొక్కితే ముందు ‘ఎన్’ల మీదికి, అవి అయ్యాక ‘ఓ’ల మీదికి తీసుకెళ్తుంది. మార్చాల్సింది మీరిచ్చే ~ఎన్. ~యూ అంటే ‘ఎన్’, ‘ఓ’ రెండూ వస్తాయి. కాబట్టి రంగు లైను ఇలా:

కలర్ ఇండెక్స్ బ్రైట్‌ఎల్లో డిఫాల్ట్ "~యూ"

చదవనివే కావాలంటే ‘ఎల్’, ~యూ. అన్నీ మళ్లీ కావాలంటే ‘ఎల్’, ఆల్. ఆ జాబితాలో చదివిన మెయిల్ వెంటనే మాయమవదు, మళ్లీ ‘ఎల్’ ఇచ్చాకే పోతుంది. కంగారు పడొద్దు.

చూసినవి చదవనివిగా తేలడం వేరే సంగతి. ‘ఎక్స్’తో బయటికొస్తున్నారేమో చూడండి. ‘ఎక్స్’ మార్పులేవీ రాయకుండా మూసేస్తుంది, ‘క్యూ’ రాసి మూస్తుంది. మధ్యలో కరెంటు పోయినా అంతే. గాలివాన రోజుల్లో పదేసి మెయిళ్లకోసారి డాలర్ మీట నొక్కండి, అప్పటిదాకా చేసినవి డిస్కు మీదికి చేరతాయి.

నాగావళి ఒడ్డు
‘ఎక్స్’ అలవాటే కారణం, దొరికింది. మార్క్_ఓల్డ్ ఉంచేశాను, రంగు ~యూకి మార్చాను. ఒక్కటి మిగిలింది: ఆర్డరు చదివాను గానీ ఖద్దరు బేల్ ఇంకా పంపలేదు. మళ్లీ కొత్తదిగా పెట్టుకోవచ్చా?

కోట జంక్షన్
పెట్టొచ్చు. చదువుతున్న పేజీలోనే పెద్ద ‘ఎన్’ నొక్కండి. కానీ దానికి పెద్ద ‘ఎఫ్’ మేలు. పక్కన ఆశ్చర్యార్థకం పడుతుంది, ‘ఎల్’ నొక్కి ~ఎఫ్ అంటే పంపాల్సినవే వస్తాయి. చదవనిదీ పంపనిదీ ఒకే గుర్తు కింద పెడితే రెండ్రోజుల్లో ఏది ఏదో తెలీదు. బేల్ వెళ్లాక మళ్లీ పెద్ద ‘ఎఫ్’ నొక్కండి, గుర్తు పోతుంది.