బ్రాండోకు వచ్చిన ఆస్కార్‌ను వద్దన్న అమ్మాయి ఎవరు?

ప్రశ్న (ప్రొద్దుటూరు, కడప జిల్లా):
నిన్న రాత్రి భోజనాల దగ్గర మా అమ్మాయి 1973 ఆస్కార్ వేడుక వీడియో చూపించింది. ఉత్తమ నటుడిగా మార్లన్ బ్రాండో పేరు చదివితే, జింక తోలు దుస్తుల్లో ఒక యువతి వేదికెక్కి బహుమతి వద్దంది. ‘ఎందుకు నాన్నా?’ అని అడిగితే సరిగా చెప్పలేకపోయాను. తెలిసినవారు చెప్పండి.

జవాబు (అనంతపురం):
ఆమె సషీన్ లిటిల్‌ఫెదర్. అప్పటికి 26 ఏళ్లు. ‘గాడ్‌ఫాదర్’కు వచ్చిన బహుమతిని బ్రాండో ఆమె నోటితోనే నిరాకరించాడు. హాలీవుడ్ సినిమాలు అమెరికా ఆదివాసులను చూపించే తీరు ఒక కారణం. రెండోది అమెరికాలోని వూండెడ్ నీ అనే ఊళ్లో జరుగుతున్నది. అక్కడ ఫిబ్రవరి నెలాఖరు నుంచి ఆదివాసీ ఉద్యమకారులు ఊరిని పట్టుకుని కూర్చుంటే, చుట్టూ ప్రభుత్వ బలగాలు మోహరించాయి.

మీ అమ్మాయికి ఒక చోటు మళ్లీ చూపించండి. బహుమతి ఇవ్వడానికి వేదిక మీదున్న నటుడు రోజర్ మూర్ ప్రతిమ అందించబోతే ఆమె అరచేయి ఎత్తుతుంది. తోసినట్టు ఉండదు, ఆపినట్టు ఉంటుంది. కాసేపటికి హాల్లో హేళనగా అరుపులు లేస్తాయి, వాటితోపాటే చప్పట్లూ. ఆమె ఒక్క క్షణం ఆగి, మళ్లీ అదే గొంతుతో అందుకుంటుంది. నేను ఇరవై ఏళ్లు పౌరాణిక నాటకాలు ఆడాను. పద్యం మధ్యలో వెనక వరుస నుంచి ఒక్క ఈల వినబడితే చాలు, శ్రుతి జారిపోయేది. అందుకే ఆ క్షణం చూసినప్పుడల్లా ఆమెకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

జవాబు (కర్నూలు):
ఆ రాత్రి వింతలు ఇంకా ఉన్నాయి. ‘కాబరే’ ఉత్తమ దర్శకుడితో కలిపి 8 ఆస్కార్లు గెలిచినా, ఉత్తమ చిత్రం మాత్రం మూడే గెలిచిన ‘గాడ్‌ఫాదర్’! 1952 నాటి ‘లైమ్‌లైట్’ సంగీతానికి చాప్లిన్‌కు బహుమతి వచ్చింది. ఆ సినిమా లాస్ ఏంజెలెస్‌లో 1972 దాకా ఆడకపోవడంతో, అంతవరకు పోటీకి అర్హత రాకపోవడమే కారణం.

అన్నట్టు, లిటిల్‌ఫెదర్ ఆదివాసీ కాదని ఆమె చనిపోయాక సొంత తోబుట్టువులే అన్నారు కదా?

జవాబు (అనంతపురం):
అన్నారు. ఆ మాట చదివి నేనూ బాధపడ్డాను. కానీ ఆమె వేదిక మీద చెప్పింది సినిమాల గురించి, వూండెడ్ నీ గురించి. ఆ రెండూ నిజాలే. ఆస్కార్లు ఇచ్చే అకాడమీ 2022లో ఆమెకు క్షమాపణ చెప్పింది. అదే ఏడాది అక్టోబర్ 2న ఆమె కన్నుమూసింది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. బ్రాండో ఇంకా పెద్ద ప్రసంగమే రాసిచ్చాడటగా, మా అమ్మాయి అది చదువుతానంటోంది.

జవాబు (అనంతపురం):
ఎనిమిది పేజీలు. నిమిషం దాటవద్దని నిర్వాహకులు కట్టడి చేయడంతో, వేదిక దిగాక విలేకరులకు చదివి వినిపించింది. 1973 మార్చి 30న ‘న్యూయార్క్ టైమ్స్’ అచ్చు వేసింది. అందులో చూడమనండి.