అప్‌డేట్: లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ స్టాక్‌కు మళ్లీ కళ వచ్చింది

నా పాత లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 రైఫిల్ (ఒకప్పుడు బ్రిటిష్ సైన్యం వాడినది) చెక్క స్టాక్‌ను, అంటే భుజానికి ఆనించి పట్టుకునే చెక్క భాగాన్ని, సాండ్‌పేపర్‌తో రుద్ది వార్నిష్ వేయాలా, స్కోప్ (గురిచూసే దుర్భిణి) కోసం రిసీవర్‌కు (బోల్ట్ కదిలే లోహపు భాగం) రంధ్రాలు చేయించాలా అని అడిగాను కదా. రెండూ వద్దన్నారు, విన్నాను. అందరికీ థ్యాంక్స్.

సొట్టల మీద తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె ఆనిస్తే ఆవిరికి చెక్క ఉబ్బి చాలావరకు సర్దుకుంది. సాండ్‌పేపర్ తగలలేదు కాబట్టి పాత తనిఖీ ముద్రలు చెక్కుచెదరలేదు. వేలితో తడిమితే వాటి అంచులు ఇప్పటికీ తెలుస్తున్నాయి, నాకు అదే పెద్ద సంతోషం. తర్వాత అవిసె నూనె పలచగా చేత్తో రుద్ది, ఒక్కో పూతా పూర్తిగా ఆరాకే ఇంకోటి వేశాను. (నూనె గుడ్డల్ని ఉండచుట్టి పడేయకండి, వాటంతటవే అంటుకోవచ్చు. పరిచి ఆరబెట్టండి.)

రంధ్రాలు అక్కర్లేకుండా స్కోప్ బిగించే మౌంట్ దొరికింది. కాల్చే ముందు గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే నిపుణుడు) చేత హెడ్‌స్పేస్ (తూటా ఆనే చోటికీ, దాన్ని వెనక నుంచి మూసే బోల్ట్‌కీ మధ్య దూరం) కొలిపించడం ఒక్కటే మిగిలింది.