మూడు పాటలకూ అవే చప్పట్లు, నా ఫైళ్లలో తేడా ఉందా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. మా పిన్ని కూతురి సంగీత్‌కి పాటల మిక్స్ చేసే పని నా మెడకు చుట్టుకుంది. షాన్ పాల్ ‘గెట్ బిజీ’, వేన్ వండర్ ‘నో లెట్టింగ్ గో’, లుమిడీ ‘నెవర్ లీవ్ యు’ తీసుకున్నాను. మూడింటి వెనకా అవే చప్పట్లు! ఫైళ్లు కలిసిపోయాయా, లేక ఒకరిది ఒకరు కొట్టేశారా? శనివారమే ఫంక్షన్, టెన్షన్‌గా ఉంది.

జవాబు:
ఫైళ్లకు ఏమీ కాలేదు. ఎవరూ ఎవరిదీ కొట్టేయలేదు కూడా. ఆ చప్పట్ల పేరు ‘దివాలీ రిడిమ్’. అవును, మన దీపావళే. జమైకా నిర్మాత స్టీవెన్ ‘లెంకీ’ మార్స్‌డెన్ కట్టిన బీట్ అది. 1845 నుంచి మన దేశపు కూలీలను ఓడల్లో అక్కడికి తీసుకెళ్లారు కాబట్టి జమైకాలో ఆ పేరు వినపడటం వింతేమీ కాదు.

రిడిమ్ అంటే డ్రమ్స్, బేస్, కీబోర్డ్ అన్నీ కలిసిన ట్రాక్. నిర్మాత దాన్ని తయారుచేసి నలుగురైదుగురు గాయకులకు ఇస్తాడు. ఎవరి మాటలు వాళ్లవి, ఎవరి వరస వాళ్లది. ఒకే సమస్యను పదిమంది కవులు పూరించినట్టు. బతుకమ్మ పాటలతో పోల్చేవాళ్లున్నారు గానీ అది కుదరదు. అక్కడ వరస నిలిచి మాటలు మారతాయి, ఇక్కడ వరసా మారిపోతుంది.

ఇదే దివాలీ మీద బౌంటీ కిల్లర్ ‘సఫరర్’ పాడాడు, వినండి, ఎంత గరుకుగా ఉంటుందో! ‘గెట్ బిజీ’ 2003లో అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానానికి వెళ్లింది. అంతకు చాలా ముందే, 1985లో, జమైకా నిర్మాత కింగ్ జామీ దగ్గర వేన్ స్మిత్ పాడిన ‘స్లెంగ్ టెంగ్’ అయితే కాసియో ఎంటీ-40 అనే చిన్న కీబోర్డులో కంపెనీవాళ్లు పెట్టిన ‘రాక్’ బీట్ మీదే పుట్టింది. తర్వాత దాని మీద వచ్చిన పాటలు వందల్లో ఉంటాయి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అన్నా. మరి మూడూ వెంటవెంటనే వేస్తే బోర్ కొట్టదా?

జవాబు:
అసలు మజా అందులోనే ఉంది. జమైకా సౌండ్ సిస్టమ్‌ల వాళ్లు దీన్ని జగ్లింగ్ అంటారు. బీట్ ఆగదు, గొంతు మారుతుంది. మూడూ దాదాపు 100 బీపీఎం (నిమిషానికి పడే దెబ్బలు)లోనే ఉంటాయి, వేగంతో పేచీ లేదు. ఒక్కోటి నిమిషంన్నర చాలు. రెండు గొంతులు మీద మీద పడితే గోల, అందుకని మధ్యలో గొంతు లేని ‘వెర్షన్’ నాలుగు బార్లు (ఒక్కో బార్ అంటే నాలుగు దెబ్బలు) నడవనివ్వండి. సాఫ్ట్‌వేర్‌ను నమ్మకుండా మొదటి దెబ్బను చెవితోనే పట్టుకోండి. నేనైతే వేన్ వండర్‌తో మెత్తగా మొదలుపెట్టి, లుమిడీ మీదుగా షాన్ పాల్‌కి వెళ్తాను. నాలుగో పాట మాత్రం ఇదే రిడిమ్ వద్దు.

ఇంకొకరు:
దీని మీద తెలుగు ర్యాప్ రాసి యూట్యూబ్‌లో పెట్టొచ్చా?

జవాబు:
ఇంట్లో ఎంతైనా పాడుకోండి. అప్‌లోడ్ చేయాలంటే హక్కుదారుల అనుమతి కావాలి. పదిమంది పాడారని అది ఊరుమ్మడి చెరువు కాదు. గొంతు లేని ట్రాక్ నెట్‌లో దొరికినా అంతే. సొంతంగా చప్పట్లు రికార్డు చేసుకుని మీ బీట్ మీరే కట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు:
కలిపి చూశాను. లుమిడీలోకి దూకేచోట ఒక చప్పట్టు మింగేస్తోంది, సరిచేస్తున్నా. వంటింట్లోంచి మా అమ్మ మాత్రం “పొద్దుట్నుంచీ ఒకటే పాట ఏంట్రా?” అంటోంది.