అమ్మకి ఆక్రోమెగాలీ: ట్రయల్‌లో చేరడానికి ఎవరిని అడగాలి?

అమ్మకి 54 ఏళ్లు, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో కణితి వల్ల ఆక్రోమెగాలీ (గ్రోత్ హార్మోన్ ఎక్కువై చేతులు, కాళ్లు, ముఖం పెరిగిపోయే జబ్బు) వచ్చింది. 14 నెలల క్రితం ముక్కు ద్వారా ఆపరేషన్ చేసి తీశారు గానీ కొంచెం మిగిలిపోయిందన్నారు, ఆ హార్మోన్‌ని తగ్గించే ఆక్ట్రియోటైడ్ 30 మి.గ్రా. ఇంజెక్షన్ 28 రోజులకోసారి, ఇప్పటికి ఆరు అయ్యాయి, అయినా ఐజీఎఫ్-1 (గ్రోత్ హార్మోన్ ఎంత ఎక్కువుందో రక్తపరీక్షలో చూపేది) 412 నుంచి 371కే దిగింది. పెళ్లినాటి ఉంగరం సబ్బు రాసినా వేలికి ఎక్కడం లేదు, అది చూస్తే బాధేస్తుంది.

కొత్త మందుల ట్రయల్ ఏమైనా ఉందేమోనని సీటీఆర్ఐలో (మన దేశంలో జరిగే ట్రయల్స్ నమోదు చేసే ప్రభుత్వ వెబ్‌సైట్) వెతికాను. చాలావరకు ముగిసిపోయినవే. ఇంకా మనుషుల్ని తీసుకుంటున్నట్టు కనిపించిన రెండింటికి, అక్కడ ఇచ్చిన అడ్రస్‌లకే రిపోర్టులతో సహా మెయిల్ పెట్టి మూడు వారాలైంది, జవాబు లేదు. మళ్లీ పెట్టాలా అన్నదీ తెలియట్లేదు, ఒకటే టెన్షన్.

ఇలాంటి ట్రయల్‌లో చేరినవాళ్లు చెప్పండి, మీరు నేరుగా ఆ ఆస్పత్రి ఓపీకి వెళ్లి అడిగారా, లేక మీ ఎండోక్రైనాలజిస్ట్ (హార్మోన్ల డాక్టర్) రిఫరల్ లెటర్‌తోనే పని జరిగిందా?