స్ప్లెండర్ మీద హైదరాబాద్ టు అరకు అవుతుందా?

అన్నా, నాది 97 సీసీ స్ప్లెండర్, డిసెంబర్‌లో అరకు పోదామనుకుంటున్నా, వెనక మా తమ్ముడు కూడా ఉంటాడు, బండి తట్టుకుంటదా?

— తట్టుకుంటది బ్రో, ఒక్కరోజులో మాత్రం లాగొద్దు. మొదటి రోజు విజయవాడ, రెండో రోజు వైజాగ్, మూడో రోజు పొద్దున్నే ఘాట్. 60 దాటకుండా ఎడమ పక్కనే పో, గంటన్నరకోసారి ఆపు.

— నేను పోయొచ్చిన తమ్ముడూ. ఎస్.కోట (శృంగవరపుకోట) దాటాక ఘాట్ మొదలవుతది, డబుల్స్ కదా చాలా మలుపుల్లో రెండో గేరే, దిగేటప్పుడు న్యూట్రల్ అస్సలొద్దు, గేర్‌లోనే దిగు. తుని దగ్గర నా చైన్ లూజై స్ప్రాకెట్ మీంచి జారింది, ఎండలో చేతులంతా గ్రీజు పూసుకుని గంట సేపు కూర్చున్నా, అందుకే ముందే టైట్ చేయించు, స్పేర్ ట్యూబ్, స్పార్క్ ప్లగ్ పెట్టుకో.

— థాంక్స్ అన్నా, రేపే మెకానిక్ దగ్గరికి పోతా. గ్లవ్స్ కావాలా?

— కచ్చితంగా, పొద్దున మంచులో వేళ్ళు కొంకర్లు పోయి క్లచ్ పట్టుకోలేవు.