కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) ఇన్విటేషన్ వచ్చింది, అమ్మకేమో డయాలసిస్. ఏం చేయాలి?

మాది వరంగల్. మా ఆవిడ స్టాఫ్ నర్సు. పాయింట్లను బట్టి పీఆర్‌కి పిలిచే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో తన ప్రొఫైల్‌కి ఇన్విటేషన్ వచ్చింది. 60 రోజుల్లో అప్లికేషన్ పెట్టేయాలి. మళ్లీ చూద్దాంలే అనుకోవడానికీ లేదు, 30 దాటాక ఏటా వయసు పాయింట్లు తగ్గుతూ పోతాయి.

అమ్మకి కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్. నేను ఒక్కడినే కొడుకుని. అక్క కరీంనగర్‌లో ఉంటుంది, కానీ వాళ్లింట్లో అత్తామామలూ పెద్దవాళ్లే.

నిజం చెప్పాలంటే అమ్మని నాకన్నా బాగా చూసుకునేది మా ఆవిడే. రోజూ రాత్రి ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న చేతి మీద వేళ్లు పెట్టి రక్తం జుమ్మని పారుతోందో లేదో చూస్తుంది. రోజుకి సరిపడా నీళ్లు ఒక సీసాలో కొలిచి పెడుతుంది. అలాంటి మనిషిని పట్టుకుని "నీకు మా అమ్మ బరువైందా" అని మా బంధువులు అంటుంటే నాకు ప్రాణం పోయినట్టుంది. ఇంట్లో మాటలు తగ్గిపోయాయి.

అమ్మని పీఆర్‌లో డిపెండెంట్‌గా చేర్చడం కుదరదు. తల్లిదండ్రులు వచ్చి ఎక్కువకాలం ఉండడానికిచ్చే సూపర్ వీసాకి మెడికల్ పరీక్షా, లక్ష డాలర్ల ఇన్సూరెన్సూ కావాలి. డయాలసిస్ పేషెంట్‌కి ఎవరైనా తెచ్చుకోగలిగారా?

లేదంటే తను ముందు వెళ్లి, నేను అమ్మ దగ్గర ఉండిపోతే? పీఆర్ నిలవాలంటే ఐదేళ్లలో 730 రోజులు అక్కడ ఉండాలి కదా. భార్యాభర్తలు అలా విడిగా ఉండి నెట్టుకొచ్చిన వాళ్లుంటే, మీ ఇళ్లలో ఎలా జరిగిందో దయచేసి చెప్పండి.